పెద్దపిడి వారి మోచెయ్యి

ఆ కలప అడితిలో, యంత్రాలకు లొంగని మొద్దులను కోయడానికి ఒక పెద్ద రంపం ఉండేది. మనిషి నిలువు కంటే పొడవు. రెండు చివరలా రెండు పిడులు. ఒక పిడి పట్టుకునే ఆయనను పెద్దపిడి అనీ, రెండో పిడి పట్టుకునే అతన్ని చిన్నపిడి అనీ పిలిచేవారు. ఇద్దరికీ కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఉండే ఉంటాయి. కానీ హాజరు పిలిచే గుమాస్తా సైతం "పెద్దపిడీ!" అనే కేకేసేవాడు కనుక, ఆ పేర్లు వాడకం లేక తుప్పు పట్టిపోయాయి.

చిన్నపిడి పెద్దపిడికి స్వయానా బావమరిది. ఈ చుట్టరికంలో ఒక సౌకర్యమూ ఒక ఇబ్బందీ ఉన్నాయి. బావను ఎంత మాటైనా అనవచ్చు. అది సౌకర్యం. ఎంత మాటన్నా పరాచికం కింద కొట్టుకుపోతుంది. అది ఇబ్బంది.

రంపానికి ధర్మసూత్రం ఒక్కటే. లాగాలి, తోయకూడదు. నీ వంతు నువ్వు లాగాక, చేతులు వదులు చేసి ఎదుటివాడిని లాగనివ్వాలి. తోశావా, రేకు వంగి మొద్దులో ఇరుక్కుంటుంది. ఈ సూత్రంలో మొదటి సగాన్ని పెద్దపిడి పరమ నిష్ఠతో పాటించేవాడు. ఆయన లాగుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. రెండో సగం సంగతి ఎదుటి చివర ఉన్నవాడికే తెలియాలి. టీ తాగే వేళ చిన్నపిడి అందరూ వినేలా అనేవాడు:

"మా బావకి పట్టుకోవడమే గానీ వదలడం తెలీదండీ. మా అక్క మొహం చూస్తే మీకే తెలుస్తుంది."

అందరూ నవ్వేవారు. అందరికంటే గట్టిగా పెద్దపిడి నవ్వేవాడు.

ఇలా ఏళ్ళ తరబడి గుండ్రటి మొద్దుల మీద ఉత్త కాళ్ళతో నడిచినా తూలని ఆ మహానుభావుడు, ఒక సెలవు రోజు ఉదయం ఆగిపోయిన గోడ గడియారాన్ని దింపడానికి ఇంట్లో ప్లాస్టిక్ స్టూలెక్కి కింద పడ్డాడు. పడుతూ కూడా గడియారాన్ని వదల్లేదు. దాని అద్దం మీద గీతైనా పడలేదు. కుడి మోచెయ్యి విరిగింది.

కట్టు విప్పిన నాడు ఇంట్లో అందరూ చూసింది ఒక కొత్త వస్తువుని. చెయ్యి సగానికి వంగి, వడ్రంగి మూలమట్టంలా బిగుసుకుపోయింది. పైకి రమ్మంటే కాస్త కదిలి ఆగిపోతుంది. చాచమంటే కాస్త దిగి మొండికేస్తుంది. మూతి తుడుచుకోవాలంటే మూతినే చేతి దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చేది.

అడితి షావుకారు చెడ్డవాడు కాదు, వ్యాపారస్థుడు. చిన్నపిడిని ఆఫీసు గదిలోకి పిలిచాడు. అక్కడ ఆయన సరదాపడి కొన్న మోటారు రంపం గుడ్డ కప్పుకుని విశ్రాంతి తీసుకుంటోంది.

"వానల్లోపు లావు మొద్దులొస్తున్నాయి. ఇది వాటి నడుం దాకా కూడా పోదు" అన్నాడు గుడ్డ వైపు చూడకుండా. "అవి వచ్చేనాటికి మీ బావ చెయ్యి ఆడితే సరే సరి. లేదంటే ఆ పిడి క్రేను డ్రైవరుకిస్తా. మీ బావకి గేటు దగ్గర కుర్చీ వేయిస్తా. వచ్చే లారీ, పోయే లారీ చూసుకుంటూ హాయిగా కూర్చోవచ్చు."

కుర్చీ కోసం మనుషులు చేయని పని లేని ఈ లోకంలో, కుర్చీ మాట చెవిన పడగానే పెద్దపిడికి అన్నం సయించలేదు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఆయనను కింది అంతస్తులో వ్యాయామం చేయించే గదికి పంపాడు. అక్కడి ఫిజియో, పెద్దపిడి కూతురి ఈడు పిల్ల, మూలనున్న కొక్కేనికి వేలాడుతున్న ఎముకల చెయ్యి నమూనాని తెచ్చి బల్ల మీద పెట్టింది. దానికి ముందొకటీ వెనకొకటీ ఎర్ర రబ్బరు పట్టీలు కట్టి ఉన్నాయి.

"ఎముక తనంతట తను కదలదు బాబాయ్. మీ అడితిలో మొద్దు లాంటిదే, పడేసిన చోట పడి ఉంటుంది. కదిలించేది కండ."

"అది తెలుసమ్మా" అన్నాడు పెద్దపిడి, ఎడమ చేతి కండ కాస్త బిగించి చూపిస్తూ.

"బాగుంది, దించండి. ఈ కండంతా పోగులు. ఒక్కో పోగూ ఒక్కో కణం, చూడబోతే వెంట్రుకంత సన్నం. దాని లోపల ఇంకా సన్నటి దారాలు రెండు రకాలు, ఒకదాని సందుల్లో ఒకటి అమర్చి ఉంటాయి. మెదడు నుంచి నరం మీదుగా కబురొచ్చిందనుకోండి, అవి ఇలా జారతాయి." ఆమె రెండు చేతుల వేళ్ళనూ ఒకదాని సందుల్లోకి ఒకటి జొనిపింది. "చేతులు దగ్గరికొచ్చాయా? పోగు కూడా అంతే, పొట్టిదవుతుంది. పోగులన్నీ కూడబలుక్కుని పొట్టివైతే కండే పొట్టిదవుతుంది. దాని కొస గట్టి తాడులా మారి, కీలు దాటి అవతలి ఎముకకి అతుక్కుని ఉంటుంది. తాడు లాగితే ఎముక లేస్తుంది."

"మరి కిందికి తొయ్యాలంటే?"

"తొయ్యడమన్నది కండ జాతకంలోనే లేదు. ఏ పోగుకీ రాదు. లాగడమొక్కటే. అందుకే జంటగా ఉంటాయి. ముందుది లాగితే చెయ్యి మడత పడుతుంది, వెనకది లాగితే చాపుకుంటుంది. ఒకటి లాగుతుంటే రెండోది వదలాలి. కబురు రెండింటికీ వెళ్తుంది, దీన్ని లాగమని, దాన్ని ఊరుకోమని. మీ చేతిలో ఏమైందంటే, నొప్పికి భయపడి రెండూ ఒకేసారి పట్టేసుకుంటున్నాయి. బలం చూపించకుండా, మెల్లగా మడవండి, మెల్లగా చాపండి. అంతే."

పెద్దపిడి మొహం వెలిగిపోయింది. "ఇది మా రంపమే కదమ్మా!"

"అయితే ఇక నేను చెప్పేదేముంది, మీకే బాగా తెలుసు" అంది ఆ అమ్మాయి. వైద్యపరంగా ఆమె చేసిన పొరపాటు ఇదొక్కటే.

తనకు తెలిసిన విద్యే అని తేలాక పెద్దపిడిని పట్టడం ఎవరి తరం? ఇంటికెళ్ళి, సూత్రంలో తనకు ప్రీతిపాత్రమైన మొదటి సగాన్ని సాధన చేయడం మొదలుపెట్టాడు. వరండాలో నీళ్ళ బకెట్టు పెట్టుకుని, పళ్ళు బిగించి, మెడ నరాలు తాళ్ళలా తేలేటట్టు దాన్ని ఎత్తబోయేవాడు. బకెట్టు వణికేది, నీళ్ళు ఒలికేవి, మోచెయ్యి మాత్రం తన కోణం తను చూసుకునేది.

"ఏవండీ, ఆ పిల్ల మెల్లగా అంది కదా?" అనేది భార్య.

"మెల్లగా చేస్తే బలమెక్కడ నుంచి వస్తుందే?"

"సరే, ఆ మూతెందుకు బిగించారు? మూతికేం దెబ్బ తగల్లేదుగా."

వారం తిరిగేసరికి మోచెయ్యి వాచింది. ఫిజియో చూసి, ఆరా తీసి, బకెట్టు సంగతి రాబట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "బలవంతం పెడితే కొందరికి కండలోనే ఎముక పెరుగుతుంది బాబాయ్. అప్పుడు నేనూ ఏం చేయలేను."

"విన్నారా?" అంది భార్య ఆటోలో. "మా ఆయన మొద్దులు కోస్తాడని చెప్పుకున్నానిన్నాళ్ళూ. ఇక మొద్దని చెప్పుకోవాలి కాబోలు."

పెద్దపిడి బకెట్టు మానేశాడు. పళ్ళు బిగించడం మాత్రం మానలేదు. అది తాను చేస్తున్నట్టు ఆయనకు తెలియదు.

ఈలోగా లావు మొద్దులు వచ్చేశాయి. షావుకారు మాట ప్రకారం క్రేను డ్రైవరు పిడి పట్టాడు. జీవితమంతా మీటలు తోసి బతికినవాడు కావడంతో రంపాన్నీ తోశాడు. మధ్యాహ్నానికల్లా రేకు రెండుసార్లు వంగింది. చిన్నపిడి పని దిగి, నడుం పట్టుకుని, తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు.

బావ వరండాలో కుర్చీలో కూర్చుని చెయ్యి మడవడానికి మహాయుద్ధం చేస్తున్నాడు.

"ఏం బావా, గేటు దగ్గర కుర్చీకి ఇప్పట్నుంచే అలవాటు పడుతున్నావా?"

"నోర్ముయ్యరా బామ్మర్దీ. ఇంకొంచెం లాగితే వచ్చేట్టుంది."

చిన్నపిడి పక్కన చతికిలపడి, ఊరికే ఉండలేక, బావ జబ్బ కింద అరచెయ్యి పెట్టాడు. తీసి, మళ్ళీ పెట్టాడు. "బావా, ఇప్పుడు మడుస్తున్నావా, చాస్తున్నావా?"

"కనపడట్లేదా? మడుస్తున్నా."

"మరి వెనక కండ కూడా రాయిలా ఉందేంటి? ఏదీ, చాపు. అదిగో, ఇప్పుడు ముందుది రాయి. నువ్వు లాగుతున్నావు గానీ రెండోది వదలట్లేదు బావా."

"మొదలెట్టావూ! వదలడం తెలీదు, అక్క మొహం చూడండి..."

"పరాచికం కాదు." చిన్నపిడి గొంతులో నవ్వు లేదు. లోపల గిన్నెలు సర్దుతున్న అక్క చప్పుడు ఆపింది. "ఇన్నేళ్ళూ నీ ఎదుట రంపం లాగాను. నా వంతొచ్చినప్పుడు నువ్వు పట్టు సడలించవు. నా బలంలో సగం మొద్దుకి, సగం నీకు. రోజూ ఇంటికెళ్ళి నడుముకి కాపడం పెట్టుకుని పడుకుంటా. ఇవాళ ఆ డ్రైవరు తోస్తుంటే ఒళ్ళు మండింది గానీ, కొత్తేం అనిపించలేదు."

పెద్దపిడి తన మోచెయ్యి వైపు చూశాడు, అదే ఈ మాటలన్నీ అన్నట్టు.

"ఇన్నేళ్ళల్లో ఒక్కసారి చెప్పలేకపోయావురా?"

"రోజూ చెప్పాను బావా. నువ్వు రోజూ నవ్వావు."

పెద్దపిడి భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస అతని మీదికి విసిరాడు. "పట్టుకో."

ఇద్దరూ ఎదురెదురుగా నేల మీద కూర్చుని, ఆ తువ్వాలే రంపమన్నట్టు లాగసాగారు. అడితిలో లాగినట్టు కాదు. చిన్నపిడి ఎడమ అరచెయ్యి బావ జబ్బ మీద ఉంచి, కండ గట్టిపడగానే "వదులు" అనేవాడు. పెద్దపిడి వదిలాననేవాడు. "వదల్లేదు" అనేవాడు చిన్నపిడి. "వదిలాను!" "అక్కా, నువ్వొచ్చి చూడు, వదిలాడా?" "నేనా? నన్నడిగితే చెప్తా వినండి" అంటూ ఆవిడ బయటికి వచ్చేసరికి ఇద్దరూ పని మీద దృష్టి పెట్టేవారు.

మర్నాడు ఫిజియోకి చెబితే, నొప్పి పుట్టించకుండా వచ్చినంతవరకే అయితే తువ్వాలు భేషని అంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే పని. ఏళ్ళ నుంచి పళ్ళు బిగించి బతికిన మనిషికి దవడ వదులు చేయడం ముందు వచ్చింది. ఆ వెనకే, ఒక కండ లాగుతుంటే రెండోది ఊరుకోవడం మెల్లగా అలవాటైంది. మూలమట్టం కోణం మార్చుకుంది. ఒకనాడు పెద్దపిడి టీ గ్లాసును కుడి చేత్తో పెదవుల దాకా తెచ్చి, తాగడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. "చల్లారిపోతుంది" అంది భార్య, మొహం తిప్పుకుని.

చేతివేళ్ళు భుజాన్ని అందుకోవడం మాత్రం ఇక కుదరదని డాక్టరు చెప్పేశాడు. రంపానికి భుజం అందుకోవాల్సిన పని లేదు.

పెద్దపిడి అడితికి వెళ్ళిన ఉదయం, గేటు దగ్గర కుర్చీ వేసే ఉంది. షావుకారు దాని పక్కనే నిలబడి, "ముందు చూద్దాం" అన్నాడు, పిడా, కుర్చీయా అన్నది తేల్చకుండా. క్రేను డ్రైవరు చేతులు కట్టుకుని క్రేనుకి ఆనుకున్నాడు. రంపాన్ని అన్నిటికంటే లావు మొద్దు మీద పెట్టారు. పెద్దపిడి లాగాడు. రంపం పళ్ళు మెత్తగా దిగి, పొట్టు రాలింది. తరవాత ఆయన వదిలాడు.

ఏళ్ళ అలవాటు కొద్దీ బావ పట్టునీ కలుపుకుని లాగిన చిన్నపిడి, ఎదుట ఏ పట్టూ లేకపోవడంతో, పిడి జారిపోయి వెనక్కి పొట్టు కుప్పలో వెల్లకిలా పడ్డాడు.

అడితి అంతా నవ్వింది. షావుకారు కూడా నవ్వి, డ్రైవరుకి చేత్తో క్రేను వైపు చూపించి, తను ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పకుండా వదిలేస్తావేంటి బావా?" అన్నాడు చిన్నపిడి, కనురెప్పల మీది పొట్టు దులుపుకుంటూ.

"రోజూ చెప్పింది నువ్వేగా" అన్నాడు పెద్దపిడి. ఈసారి ఆయన నవ్వలేదు. "లే. నీ వంతు."