సున్నా పంపిన రోజులు

ఎమ్మిగనూరులోని ఒక రైతుల సంఘానికి వాన లెక్కల ప్రోగ్రాము రాసిచ్చింది నేనే, ఆదోనిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని. మొదట రూబీ అనే కంప్యూటరు భాషలో రాశాను. పోయినేడు పైథాన్ అనే ఇంకో భాషలోకి మార్చమన్నారు. ఇదేం పెద్ద పని అనుకున్నాను. రెండూ ఒకింటి పిల్లల్లాగే కనిపిస్తాయి. రూబీలో ఒక్కో ముక్క చివర ‘ఎండ్’ రాయాలి, పైథాన్‌లో వరుసను కాస్త లోపలికి జరిపితే చాలు. ‘ఎండ్’లన్నీ పీకేసి, కోలన్లు పెట్టుకుంటూ పోయాను. ‘ఇఫ్ వాన’ అన్న వరుసను మాత్రం అలాగే ఉంచాను. ఆ రోజుకు అంకె వచ్చి ఉంటే లెక్కలో చేర్చుకోమని దాని పని.

శ్రావణం దాటగానే సంఘం నుంచి ఫోను. ఆస్పరి దగ్గరి పల్లెలో వాన కొలిచే గొట్టం చూసి రోజూ అంకె పంపే అక్క, నెలలో సగం రోజులు ఏమీ పంపలేదని ప్రోగ్రాము చూపిస్తోందట. ఆమె పంపినవి తెరిచి చూడాల్సింది. చూడలేదు. "ప్రోగ్రాము తప్పు చెప్పదు, ఆమే పోయి ఉండదు" అన్నాను దర్జాగా. ఆమెను ఆ పని నుంచి తీసేశారు.

తర్వాత ఆమే నాకు ఫోను చేసింది.

"వాన పడని దినం గూడా పొద్దున్నే పోయి సూసినానప్పా. నీళ్లు లేవు, సున్నా అని పంపినాను. సున్నా అని గూడా సూస్తేనే గదా తెలిసేది?"

ఆ ‘ఇఫ్’ వరుస తెరిచి చూశాను. రూబీకి సున్నా కూడా ఉన్నట్టే లెక్క. పైథాన్ మాత్రం ‘ఇఫ్’ దగ్గర సున్నాను లేనట్టు తోసేస్తుంది. ఇది తెలియక చేసిన తప్పు కాదు, ఆదోనిలో పిల్లలకు ఈ పాఠం చెప్పేదే నేను. మా మెట్ట నేలల్లో వాన లెక్కంటే సగం సున్నాలే అన్న సంగతీ నాకు తెలుసు.

ఒక్క వరుస దిద్దాను. సంఘానికి మాత్రం "మార్పిడిలో ఏదో ఇబ్బంది" అని చెప్పి తప్పించుకున్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

వారం కూడా ఆగలేక ఆమె ఇంటికి పోయి, "తప్పు నాదక్కా" అన్నాను. ఆమె ఎదుటే సంఘానికి ఫోను చేసి అదే మాట చెప్పాను. పని అప్పటికే వేరే వాళ్లకు ఇచ్చేశామన్నారు.

ఆమె లోపలికి పోయి గోడ క్యాలెండరు తెచ్చింది. పనిలోంచి తీసేసిన రోజు నుంచీ ప్రతి గడిలోనూ సున్నా ఉంది.

"గొట్టం ఆడనే ఉండాది గదప్పా, సూసి రాసినాను. ఇవి గూడా ఎక్కించు."

అక్కడే అరుగు మీద కూర్చుని పదకొండు సున్నాలూ ఒక్కొక్కటిగా ఎక్కించాను. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.