జక్రాన్‌పల్లి గుట్ట మీద లేవకూడని విద్యార్థి

1939 మార్చి. నిజామాబాదులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మా పాఠ్యపుస్తకంలో ఎడారి జంతువుల మీద ఒక పాఠం ఉండేది. జిల్లాలో ఎడారి లేదు. అందుకు నన్ను ఎవరూ నిందించలేదు గానీ, పాఠం మాత్రం చెప్పాల్సిందే. క్లాసులో సగం మంది బోధన్, రుద్రూర్ వైపు నుంచి వచ్చి చదువుకునే రైతుబిడ్డలు. కాలువ నీళ్ళూ చెరకు తోటలూ తప్ప ఎండిన నేల పెద్దగా ఎరగరు. వాళ్ళకు ఒంటె బొమ్మ చూపించి సరిపెట్టడం కన్నా జక్రాన్‌పల్లి అవతలి రాళ్ళగుట్టకు తీసుకుపోవడం నయమనుకున్నాను. నీళ్ళు లేని చోట ప్రాణులు ఎలా బతుకుతాయో అక్కడ కళ్ళారా చూడవచ్చు. ముందు రోజే రెండు బండ్లు కట్టించుకొని, పదకొండు మందితో పోయి ఊరి చావడిలో దిగాం.

తెల్లవారగానే గుట్ట ఎక్కాం. ఫీల్డ్ వర్క్‌లో ‘స్టేషన్’ అని ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరిని ఒక్కో చోట కూర్చోబెట్టి, గంటసేపు కదలకుండా మెదలకుండా ఉండమంటాం. మనిషి రాయిలా ఉంటే తొండలు, ఉడుములు, కౌజులు, ముంగిసలు వాటంతటవే బయటికి వస్తాయి. కనిపించింది కనిపించినట్టు రాసుకోవాలి. ఈ పద్ధతిలో లోపమల్లా ఒకటే. ఏ ప్రాణి రావాలో మనం నిర్ణయించలేం.

గంట గడిచాక చత్రి వేసుకొని ఒక్కో స్టేషన్‌కూ పోయి చూడసాగాను. నన్ను చూడగానే పిల్లలు లేచి సలాం చేశారు. ఆ రోజుల్లో మాస్టరు కనబడితే లేచి నిలబడాలి. అది గదైనా, బజారైనా, గుట్టైనా సరే. ఈ విషయంలో బడి మొత్తానికి నాకే ఎక్కువ పేరు.

నాలుగో స్టేషన్ గంగాధర్‌ది. రుద్రూర్ పిల్లవాడు, పద్నాలుగేళ్ళుంటాయి. పొద్దుకు వీపు పెట్టి, పొట్టి రాతి మీద కూర్చున్నాడు. నేను ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగా, మేకలు కాసే ముసలామె ఒకతె బండచాటు నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఆగు పంతులూ. అడుగెయ్యకు.”

“ఏందవ్వా?”

“పిలగాని నీడల సూడు.”

చూశాను. గంగాధర్ పాదాల ముందు, వాడి నీడలో, జానెడున్నర పాము చుట్టచుట్టుకొని ఉంది. చిన్నపొడ. పింజరల్లో చిన్నది. కరిస్తే రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. దాని ఇంగ్లీషు పేరూ, లాటిన్ పేరూ నాకు నోటికి వచ్చు. అందులో ఏదీ ఆ క్షణాన పనికిరాలేదు. దవాఖానాకు ఎడ్లబండి మీద సగం రోజు ప్రయాణం.

గంగాధర్ దాన్ని చూస్తూనే ఉన్నాడు. కదలడం లేదు. నా పద్ధతిని అంత శ్రద్ధగా పాటించిన విద్యార్థి నాకు మళ్ళీ దొరకలేదు.

అంతలో నా బూటు కింద గులకరాయి నలిగింది. వాడు తల తిప్పలేదు గానీ కంటికొసతో నన్ను చూశాడు. కుడి అరచెయ్యి మెల్లగా రాతి మీద ఆనింది. లేవబోతున్నాడు.

కిందటి నెల నేను గదిలోకి వచ్చినప్పుడు లేవలేదని, ఇదే గంగాధర్‌ను రెండు రోజులు బెంచీ మీద నిలబెట్టాను. వాడికి గుర్తుంది.

పాము ఒంటిని ఒంటికే రాసుకుంది. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు. ముసలామె నా భుజం పట్టి బండ వెనక్కి కుదేసింది.

“నువ్వు కనవడకు. నిన్ను జూస్తే లేస్తడు.”

కూర్చో అని అరుద్దామనుకున్నాను. నా గొంతు విన్నా లేస్తాడు. అలా నేర్పింది నేనే.

“అదంతట అది పోదా అవ్వా?” అన్నాను గుసగుసగా.

“ఎండకు తాళలేక నీడకొచ్చింది. పొద్దెక్కినకొద్ది పిలగాని నీడ దగ్గరికి గుంజుకుంటది. నీడెంబడి గదీ వస్తది.”

ఎప్పుడో చదువుకున్న సూర్యగమనం నాకు అప్పుడు నిజంగా అర్థమైంది. నీడ అంచు రాళ్ళ మీదుగా వెనక్కి జరుగుతోంది. పాము బెత్తెడు కదిలింది, పాదాల వైపు. వాడి కాళ్ళకు చెప్పులు లేవు. బొటనవేలు వణకడం ఇక్కడికే కనిపిస్తోంది.

“నీ చత్రి ఇటియ్యి,” అంది ఆమె. పేరు ఎల్లవ్వ అని తర్వాత తెలిసింది.

మేకలకు కొమ్మలు దించే పొడుగాటి కర్ర ఉంది ఆమె దగ్గర. పక్కనుంచి చుట్టూ తిరిగిపోయి, దూరంగానే చతికిలబడి, చత్రి విప్పి కర్ర కొసన కట్టింది. నేల మీదుగా కొంచెం కొంచెంగా దాన్ని తోస్తూ మాట్లాడసాగింది.

“కొడుకా, నువ్వు నోరు మెదపకు. నేనే మాట్లాడుత. మంచి నీడ పట్టుకొస్తున్న. గదానికి నీ నీడకంటె నా నీడ పెద్దగ కనవడాలె, గంతే.”

చత్రి పాముకు మూరెడు దూరంలో ఆగింది. గంగాధర్ చెయ్యి ఇంకా రాతి మీదే ఉంది, మోచెయ్యి బిగుసుకొని. ఎల్లవ్వ అది చూసింది.

“పంతులు కోసం జూస్తున్నవా? లేడు. బండెక్కి ఇంటికి పోయిండు.”

చెయ్యి రాతి మీద నుంచి జారింది. భుజాలు దిగాయి. పొడుగ్గా ఊపిరి వదిలాడు. పాము కాళ్ళ దగ్గర ఉండగా ఆ పిల్లవాడికి అంత ఊరట కలిగించిన కబురు, నేను లేనన్నది. బండ వెనక నక్కి, ఆ కబురు అబద్ధం కాకుండా చూడటమే నాకు మిగిలిన పని.

నీడ అంచు పాదాల దాకా వచ్చింది. పాము తల వాడి మడమ పక్కన ఆగింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేకపోయాను. అది నాలుక ఆడించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. తర్వాత తల తిప్పి, ఆ జాతి పాకే తీరులో, పక్కవాటుగా చత్రి కిందికి పోయింది.

“ఇగ ఎన్కకు దిగు కొడుకా. మెల్లగ.”

వాడు రాతి మీద నుంచి వెనక్కి దొర్లి, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. నేను బయటికి వచ్చాను. తిమ్మిరెక్కిన కాళ్ళతో లేవబోయి పడ్డాడు. మళ్ళీ లేచాడు.

“సలాం సార్.”

“కూసో,” అన్నాను. కూర్చోలేదు. నేనే పోయి నేల మీద కూర్చున్నాను. అప్పుడు గానీ వాడి మోకాళ్ళు వంగలేదు.

“ఏం జేసినవ్ పంతులూ, ఈ పిలగాన్ని?” అంది ఎల్లవ్వ.

 నేను చత్రి వెనక్కి అడగలేదు. పాము ఇంకా దాని కిందే ఉంది.

ఆ తర్వాత ఏ ఫీల్డ్ వర్క్‌కు పోయినా నా మొదటి మాట ఒకటే: “నేను వస్తే ఎవరూ లేవొద్దు.” తరగతి గదిలో ఆ మాట అనడానికి మాత్రం ఇంకో మూడేళ్ళు పట్టింది. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడని అందరితో చెప్పేవాణ్ణి. ఇన్‌స్పెక్టర్‌ను నేను ఎన్నడూ అడగలేదు. నలభై మంది ఒక్కసారిగా లేచి నిలబడితే నాకు బాగుండేది.