చిన్నత్త తెరవని గది

మా చిన్నత్త పోయిన వారం కన్నుమూసింది. మా మామగారి తమ్ముడి భార్య ఆమె. ఆసుపత్రికి తీసుకుపోదామని కారు వాకిట్లోకి తెచ్చేలోపే ఊపిరి ఆగిందని వేంపల్లె నుంచి మరిది ఫోన్ చేశాడు. నేను కడప నుంచి చేరేసరికి ఆమెను పంచలో పడుకోబెట్టి ఉంచారు. పాడె లేవకముందే ఇద్దరు ముగ్గురు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి ఒకే మాట అడిగారు: "ఆయమ్మకు శక్తులుండేవంట, నిజమేనా?"

అక్కడ జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. చూసింది చూశానని, విన్నది విన్నానని వేరుచేసి చెబుతాను. రెండూ కలిపితే లెక్క తప్పుతుంది.

చిన్నత్త శ్రీవిద్య ఉపాసకురాలు. శ్రీచక్రం మీద అమ్మవారిని అర్చించే తంత్ర మార్గం అది. పెళ్లికి ముందే ఆదోనిలో ఉండే తన మేనత్త దగ్గర దీక్ష తీసుకుంది. మంత్రం బయటికి చెప్పకూడదు, దీక్ష లేనివారి కంట ఆ అర్చన పడకూడదు. ఇది గురువు పెట్టిన నియమం. అందుకే పూజగది తలుపు మూసే ఉండేది. గంట వినిపించేది, సాంబ్రాణి వాసన వచ్చేది, అంతే. ఆ ఇంటి కోడలినైనా నేనూ ఏనాడూ లోపల చూడలేదు.

చిన్నమామ పోయినప్పుడు ఇక కుంకుమార్చన మానుకోవాలని పెద్దలు చెప్పారు. "దీక్ష ఇచ్చింది నాకు, ఆయనకు కాదు. ఆయన పోతే అమ్మవారు యాడికి పోతాది?" అంది చిన్నత్త. కర్మలు ముగిసిన మర్నాడే గంట మళ్లీ వినిపించింది.

పూజకు పువ్వులు తనే కోసేది. మొగ్గ మీద నా చెయ్యి పడితే, "విచ్చుకోనీ, దానికీ ఒక పని ఉండాది" అనేది. అర్చన అయ్యాక బెల్లం పాయసం వీధి పిల్లలందరికీ పెట్టేది. చేతులు కడుక్కోరా అని నేను పిల్లలను కసిరితే నన్నే కసిరేది.

ఆమె మాట ఫలిస్తుందని ఊళ్లో పేరు. బోరు వేయించేముందు రైతులు వచ్చి నిలబడేవారు. "నీళ్లు పడతాయని ఒక్క మాట అను పెద్దమ్మా." "నా నోట్లో యాడుండాయప్పా నీళ్లు? భూమిలో ఉంటే పడతాయి," అని పంపించేది. నీళ్లు పడితే అది ఆమె శక్తి. పడకపోతే ఆమె మనసులో ఏదో చెడు అనుకుని ఉంటుందనేవారు. ఈ రెండో మాట అంటే నాకు మొదటినుంచీ భయం.

వెనక వీధిలో ట్రాక్టరు నడిపే అతని కూతురికి ఫిట్స్ వచ్చాయి. రెండో తరగతి చదివే పిల్ల. ఆసుపత్రిలో మాత్రలు ఇస్తే తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ వచ్చాయి. మళ్లీ వచ్చిన రోజే ఆ పిల్ల చిన్నత్త ఇంట్లో పాయసం తిని వెళ్లిందట. మాత్రలు మానిపించి తాయెత్తు కట్టించారని, కట్టినవాడు "ఇది దగ్గర్లోనే మంత్రం తెలిసిన ఆడమనిషి పని" అన్నాడని విన్నాను. ఇక్కడినుంచి నేను కళ్లారా చూసింది.

ఆ తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం, నేను ఆ ఇంట్లో ఉండగా, పిల్ల తండ్రి, అతని తల్లి, వెనక కొందరు మగవాళ్లు పంచలోకి వచ్చారు. ఒకడి చేతిలో గడ్డపార ఉంది. పిల్ల తల్లి మాత్రం బిడ్డను ఎత్తుకుని గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఆ గది తలుపు తీయి పెద్దమ్మా. లోపల ఏం చేస్తాండావో చూడల్ల," అన్నాడు తండ్రి.

"చూడకూడదు నాయనా."

"చూడకూడనిదంటే ఏందో మాకు తెలీదనుకుంటివా?" అంది ముసలామె. "మొగుడు పోయినా కుంకం మానని దానివి! చేతబడి పెట్టింది నువ్వే, నువ్వే తీసేయ్. తీయకుంటే ఈ ఊర్లో ఎట్లుంటావో చూస్తాం."

నేను చిన్నత్త చెవి దగ్గరికి వంగాను. "తలుపు తీసి చూపించత్తా. నీ ప్రాణం కంటే నియమం ఎక్కువా?"

"చూపిస్తే ఇంకేందో దాచినానంటారు," అంది. "అయినా అది నాది కాదే, చూపీడానికి."

ఆమె ఎక్కడ ఇరుక్కుందో నాకప్పుడు అర్థమైంది. తీస్తానంటే పెట్టినట్టు ఒప్పుకోవడం. తీయలేనంటే పగబట్టినట్టు. శక్తి లేదంటే నమ్మరు, ఉందంటే బతకనివ్వరు.

చిన్నత్త లోపలికి పోయి పీట తెచ్చి పంచ మధ్యలో వేసింది. గేటు వైపు చూసి, "పాపను తీసుకురామ్మా. గదిలో పూజ మీకు చూపీలేను. బిడ్డను అమ్మవారనుకొని చేసే పూజ ఎవరైనా చూడచ్చు," అంది.

ఆ పీట మీద పిల్లకు ఫిట్స్ వస్తే ఇక ఆమెను కాపాడేవారు లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"పోవద్దు మే!" అని ముసలామె అరిచింది. కోడలు ఒక్క క్షణం తటపటాయించి గేటు దాటి వచ్చింది.

చిన్నత్త పిల్లను పీట మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చుంది. పళ్లెంలో పాదాలు పెట్టించి పసుపు నీళ్లు పోసింది. పిల్ల ఒళ్లంతా ఒక్కసారి ఝల్లుమంది. తండ్రి ముందుకు దూకాడు. చిన్నత్త చెయ్యి చెంబు మీదే బిగుసుకుపోయింది.

"సల్లగుండాయి అవ్వా," అని పిల్ల కిసుక్కున నవ్వింది.

చిన్నత్త పిల్ల నుదుట కుంకుమ పెట్టి, పాదాల దగ్గర పువ్వులు ఉంచి, నెరిసిన తల ఆ పాదాలకు ఆనించింది. "తల్లీ, నేను నీకు చెడు తలిచినానా? నువ్వేం చెప్తే అది."

పిల్ల అందరి ముఖాలూ చూసింది. "ఈ పొద్దు పాయసం లేదా?" అంది.

"తినద్దు!" అంది ముసలామె. చిన్నత్త పాయసం గిన్నె తెచ్చి పిల్లకివ్వలేదు, తల్లి చేతికిచ్చింది. "ముందు నువ్వు తిను. నీ మనసు ఒప్పుకుంటేనే బిడ్డకు పెట్టు."

అంతవరకు నోరెత్తని ఆ తల్లి నిలబడే ఒక స్పూను తింది. అత్త వైపు తిరిగి, "బాగుండాది. బెల్లమే కొంచెం ఎక్కువైంది," అని, కూతురి నోట్లో పెట్టింది.

"మాత్రలు మళ్లీ మొదలుపెట్టమ్మా," అంది చిన్నత్త. "నేను అమ్మవారికి చెప్పుకుంటా. నువ్వు మాత్ర మానద్దు."

"నేనే వేస్తా. ఎవరు వద్దంటారో చూస్తా," అంది ఆ తల్లి. భర్త తల దించుకున్నాడు. మగవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ముసలామె మాత్రం వాకిట్లో ఉమ్మి వెళ్లింది.

పిల్లకు తర్వాత నెమ్మదించింది. మాత్రలతోనా, మొక్కుతోనా అన్నది నేను తేల్చలేను. ఆ మధ్యాహ్నం చిన్నత్త గురువుకిచ్చిన మాట తప్పలేదు, ఎవరినీ ఒక్క కటువు మాట అనలేదు. శక్తుల గురించి నన్నడిగినవారికి నేను చెప్పగలిగింది ఇంతే. అది నా కళ్ల ముందు జరిగినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

అందరూ పోయాక నేను నేల తుడవడానికి గుడ్డ తెచ్చాను. "ఆగు," అంది చిన్నత్త. పీట దగ్గరినుంచి గేటు దాకా సిమెంటు నేల మీద పసుపు తడి పాదాలు వరసగా పడి ఉన్నాయి. వచ్చేటప్పుడు తల్లి చంకలో వచ్చిన పిల్ల, పోయేటప్పుడు తన కాళ్లతో నడిచి పోయింది. ఎండకు అవి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. వాటి మీద తన కొంగు కూడా పడకుండా దగ్గరికి పట్టుకుని, గోడకు ఆనుకుని, చివరి పాదం ఆరేదాకా చిన్నత్త అలాగే నిలబడింది.