మీరే వెళ్ళండి

మా డిపార్ట్‌మెంటులో పరిశోధక విద్యార్థులకిచ్చిన గది అంతకుముందు స్టోర్ రూము. పగిలిన గాజుసామాను, కాళ్ళు విరిగిన స్టూళ్ళు ఒక మూలకి నెట్టేసి, మిగిలిన చోట ఆరు బల్లలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. ఫ్యాను ఒక్కటే. దాని కింద బల్ల దగ్గర మాత్రం మాలో ఎవరూ మర్యాదలు పాటించేవాళ్ళం కాదు. ముందొచ్చినవాళ్ళదే ఆ బల్ల. తలుపు పక్క గోడకి ఆకుపచ్చ బట్ట తొడిగిన నోటీసు బోర్డు ఉండేది. అది యూనివర్సిటీ వాళ్ళు పెట్టింది కాదు, మాస్టారు తెచ్చింది.

మాస్టారంటే మా అందరిలోకీ పెద్ద స్కాలరు. ధవళేశ్వరంలో ఉండేవారు. హైస్కూల్లో సైన్సు చెబుతూ, సెలవు పెట్టి పీహెచ్‌డీకి వచ్చారు. మాకు పాతికా ఇరవయ్యారేళ్ళయితే ఆయనకి ముప్ఫై ఎనిమిది దాటింది. వస్తూ వస్తూ బడిలో పక్కన పడేసిన బోర్డు ఒకటి, పాత చేతిగంట ఒకటి అడిగి తెచ్చుకున్నారు. వాటితో యూనివర్సిటీలో ఏం చేస్తారా అని మొదటి వారం మేం చాటుగా నవ్వుకున్నాం. రెండో నెలకల్లా ఆ రెండూ లేకపోతే మాకు రోజు గడవని స్థితికి వచ్చాం.

బోర్డు ఎడమ సగంలో రాబోయేవి ఉండేవి. సెమినార్లు, వర్క్‌షాపులు, ఫెలోషిప్పులు, ఎక్కడ ఏ ప్రకటన పడినా మాస్టారు ప్రింటు తీసి గుచ్చేవారు, చివరి తేదీ కింద ఎర్రగీత కొట్టేవారు. కుడి సగంలో మేం సాధించినవి. పేపరు అచ్చుకి తీసుకుంటామని వచ్చిన ఈమెయిలు, నెట్ పాసైన కార్డు, పోస్టరుకి వచ్చిన రెండో బహుమతి, ఏదైనా సరే. కుడివైపు ఎవరి కాగితం ఎక్కితే వాళ్ళు తమ ఊరి తినుబండారం తేవాలని ఒక కట్టుబాటు. మాది నిడదవోలు బజారులో కిరాణా కొట్టు. కాబట్టి నా వంతు వేరుశెనగ అచ్చులు. ఆత్రేయపురం నుంచి వచ్చే అమ్మాయి తరచూ ఏదో ఒకటి సాధిస్తూ ఉండాలని మేమంతా మనస్ఫూర్తిగా కోరుకునేవాళ్ళం. పూతరేకుల మీద ఆశే తప్ప మాకు వేరే ఉద్దేశం లేదు.

శనివారం మధ్యాహ్నాలు రిహార్సల్. ఎవరైనా సెమినారుకి వెళ్ళబోతుంటే ముందు మా గదిలో నిలబడి, పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి చూపించాలి. తొమ్మిదో నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో రెండుసార్లు మాస్టారు గంట కొట్టేవారు. నా మొదటి రిహార్సల్లో మూడో నిమిషానికే గంట మోగింది.

"అప్పుడే అయిపోయిందాండీ?" అన్నాను బెదిరిపోయి.

"టైమవలేదమ్మా. మీరు పదిహేను పేజీలు చెప్పేశారు, నాకొక్క ముక్క అందలేదు. రైలేమైనా తప్పిపోతోందా? కాసిని మంచినీళ్ళు తాగి మొదట్నించి చెప్పండి."

నిజానికి నాకు రైలు ఉండనే ఉంది, నిడదవోలు పాసింజరు. ఆయన నన్ను ఆ రైలు తప్పించి మరీ నాలుగుసార్లు చెప్పించారు. ఆఖరిసారి నా గొంతు నాకే వినబడింది. ఇవాళ క్లాసులో వందమంది ముందు నిలబడి తొణక్కుండా మాట్లాడుతున్నానంటే అది ఆ గది పెట్టిన భిక్ష. ఈ మాట అనడానికి నాకేమీ నామోషీ లేదు.

మాస్టారి రిహార్సల్ మాత్రం ఎప్పుడూ ఆఖరున ఉండేది. ఆఖరుకొచ్చేసరికి ఎవరికో బస్సు టైమయ్యేది. "నాదేముందిలెండి, వచ్చే వారం చూద్దాం" అనేవారు. ఆ వచ్చే వారం మేం ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ రాలేదు. అది పెద్దమనిషి తరహా అనుకున్నాం. అంతకుమించి ఆలోచించే తెలివి మాకు లేదు.

మా ఇద్దరికీ గైడు ఒక్కరే, పని కూడా పక్కపక్కనే. కాలవల చివరి ఊళ్ళలో నీళ్ళకి ఉప్పు ఎలా పడుతోందో ఆయన చూసేవారు, రొయ్యల చెరువుల పక్క పొలాల్లో నేల ఎలా చవుడు తేలుతోందో నేను చూసేదాన్ని. ఒకే ఆటోలో సీసాలు వేసుకుని వెళ్ళి, ఒకే గట్టు మీద కూర్చుని నీళ్ళు పట్టేవాళ్ళం. అప్పట్లో మాది పశ్చిమ గోదావరి, వారిది తూర్పు గోదావరి. మర్యాదలో ఏ జిల్లా గొప్పదని దారిపొడుగునా సరదాగా వాదులాడుకునేవాళ్ళం. ఆ వాదన ఒకరోజు మా కొంప ముంచుతుందని ఎవరం అనుకోలేదు.

రెండో ఏడు వేసవికి ముందు బోర్డు మీదకి ఒక ప్రకటన ఎక్కింది. బెంగుళూరులో ఒక పెద్ద సంస్థ నీటి పరీక్షల మీద మూడు వారాల శిక్షణ ఇస్తుందట. మేం పుస్తకాల్లో బొమ్మలు చూసి సరిపెట్టుకున్న యంత్రాలన్నీ అక్కడ మన చేత్తో వాడనిస్తారు. ఆ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో గట్టి పట్టు. ఒక్కో డిపార్ట్‌మెంటు నుంచి ఒక్కరినే పంపాలి. నలభై నిండినవాళ్ళు పనికిరారు. మాస్టారికి ఆ శ్రావణానికి నలభై నిండుతాయి. అంటే నాకు అది మొదటి అవకాశం, ఆయనకి ఆఖరుది.

గైడుగారు ఇద్దరినీ పిలిచి రెండు ఖాళీ ఫారాలు చేతికిచ్చారు. "ఎవరు వెళ్తారో మీలో మీరే తేల్చుకోండి. ఎవరిచ్చినా సంతకం పెడతాను" అన్నారు. గది దాటి వరండాలోకి రాగానే మొదలైంది.

"మీరే వెళ్ళండి మాస్టారూ. నాకింకా బోలెడు ఏళ్ళున్నాయి."

"భలేవారే. నేర్చుకునే వయసు మీదమ్మా. నేనెటూ మళ్ళీ బడికే కదా వెళ్ళేది. మీరే వెళ్ళండి."

"మా ఇంట్లో ఒక్కదాన్నీ అంత దూరం పంపరండి."

"నాకూ కుదిరేలా లేదమ్మా. సెలవులో ఉన్నవాణ్ణి రాష్ట్రం దాటాలంటే పై ఆఫీసు పర్మిషన్ కావాలి. అది ఇప్పట్లో తేలదు."

నేను చెప్పింది పచ్చి అబద్ధం. అంతకుముందు రోజు రాత్రే మా నాన్నగారు కొట్టు కట్టేస్తూ, "వెళ్ళిరామ్మా, టికెట్ తీయిస్తాను" అన్నారు. మాస్టారి కోసమే ఆ అబద్ధమాడానని చాలా ఏళ్ళు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయన చెప్పిన పర్మిషన్ కథ కూడా మొహమాటానికి అన్నదేననీ, నేను గట్టిగా తప్పుకుంటే ఆయనే ఇచ్చేస్తారనీ అనుకున్నాను. ఆయనా నా గురించి సరిగ్గా అలాగే అనుకున్నారు.

తర్వాత పది రోజులు మేం దాని ఊసెత్తలేదు. ఫారం ఇచ్చారా అని అడిగితే, ఇవ్వకపోతే నేనిచ్చుకుంటానని తొందరపడుతున్నట్టు ఉంటుంది. ఆయన బాధ కూడా అదే. ఎదురుబొదురు బల్లల దగ్గర కూర్చుని సీసాలకి చీటీలు అంటించుకున్నాం, టీ తాగాం, వేసవిలో కాలవకి నీళ్ళు ఆపేసే రోజుల గురించి మాట్లాడుకున్నాం. బోర్డు మీద ఎర్రగీత మాత్రం ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

చివరి తేదీ రోజు సాయంత్రం ఆఫీసులో ఉండే సీనియర్ అసిస్టెంటు గారు మా గది గుమ్మంలో ఆగారు. "ఏంటండీ, మీ డిపార్ట్‌మెంటు నుంచి ఒక్క కాగితం రాలేదేంటి? కవరు ఇందాకే పంపించేశాం. ఎవరూ వెళ్ళట్లేదేమో అనుకున్నాం" అన్నారు.

నేను మాస్టారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు.

గైడుగారికి తెలిసి ఇద్దరినీ నిలబెట్టి చీవాట్లు పెట్టారు. "ఇద్దరూ మహా మర్యాదస్తులు. మనకి రావాల్సిన సీటు ఖాళీగా పోయింది" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోకి వచ్చాక మాస్టారు ఆ ప్రకటన కాగితాన్ని బోర్డు మీంచి తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "పర్లేదమ్మా, వచ్చే ఏడు మీరు వెళ్ళొచ్చు" అన్నారు. తన సంగతి ఎత్తలేదు. పాసింజరు గోదావరి వంతెన మీద వెళ్తున్నంతసేపూ ఆయన మీద కోపం, నామీద అంతకు రెట్టింపు కోపం. ఒక్కమాట, ఇచ్చారా అని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. మర్నాడు పొద్దున్నే ఒక తెల్లకాగితం మీద "ముందు ఫారం ఇవ్వండి, మర్యాదలు తర్వాత" అని పెద్ద అక్షరాలతో రాసి బోర్డు నడిమధ్యన గుచ్చాను. దాన్ని ఎవరూ తీయలేదు. మా తర్వాత వచ్చినవాళ్ళు అది డిపార్ట్‌మెంటు నియమం అనుకున్నారట.

మరుసటి ఏడు ప్రకటన రాగానే మాస్టారు నా ఫారం తానే నింపి, నేను సంతకం పెట్టేదాకా బల్ల పక్కన నిలబడి, ఆఫీసులో తానే ఇచ్చి వచ్చారు. ఎనిమిది శనివారాలు గంట పట్టుకుని నన్ను తయారుచేశారు. బెంగుళూరులో మొదటి రెండు రోజులు అన్నం సయించలేదు, మూడో రోజు నుంచి ఆకలి తెలియలేదు. ఒక్కో యంత్రం ముందు నిలబడినప్పుడల్లా, ఇది మాస్టారు చూడాల్సింది కదా అనిపించేది. చూసింది చూసినట్టు ఆయన కోసం రెండు నోటుపుస్తకాల నిండా రాసుకొచ్చాను. సర్టిఫికెట్ ఆయనే కుడివైపు గుచ్చారు. నేను తెచ్చిన వేరుశెనగ అచ్చు కొరుకుతూ, ఆ నోటుపుస్తకాల్లోంచి ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. చెబుతున్నాను గానీ ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

ఆ సర్టిఫికెట్ వల్లే మా ఊరి డిగ్రీ కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చిందని ఇంటర్వ్యూ చేసినవాళ్ళే చెప్పారు. మాస్టారు థీసిస్ ఇచ్చి, డాక్టరేటు తీసుకుని, తిరిగి బడికే వెళ్ళారు. ఏటా కాలవలకి నీళ్ళు ఆపేసే ముందు పిల్లల్ని వెంటేసుకుని చివరి ఊళ్ళకి వెళ్తారు, నీళ్ళలో ఉప్పు చూస్తారు. ఏ ఊరి నీళ్ళు ఎంత మారాయో బడి గోడ మీద పిల్లల చేతే రాయిస్తారు. పన్నెండేళ్ళ గోడ అది. మా యూనివర్సిటీ దగ్గర కూడా అన్నేళ్ళ లెక్క లేదు. జిల్లాలు మార్చాక మా నిడదవోలు కూడా తూర్పులోకి వచ్చేసింది. మా మర్యాదల వాదన ఎటూ తేలకుండానే ముగిసిపోయింది.

ఈమధ్య ఆ బెంగుళూరు సంస్థ నుంచి నాకొక ఈమెయిలు వచ్చింది. పాత విద్యార్థులు వచ్చి ఒక రోజు పాఠం చెప్పాలి, పొలాల్లో కాలవల్లో పనిచేసిన అనుభవం ఉన్న ఒకరిని వెంట తీసుకురావచ్చు, వారూ ఒక గంట మాట్లాడాలి. కింద ఆన్‌లైన్ ఫారం. అందులో వయసు గడి కోసం పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాను. లేదు. అప్పటికప్పుడు మాస్టారి పేరు రాసి, గోడ ఫోటోలు జతచేసి పంపేశాను. వాళ్ళు ఒప్పుకుంటూ రాశాక ఆదివారం ధవళేశ్వరం వెళ్ళాను.

మాస్టారు కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివారు. జుట్టు సగానికి పైగా నెరిసింది. నేననుకున్న మాటే అన్నారు.

"నేనెందుకమ్మా. మీ కాలేజీలో కుర్రవాళ్ళెవరైనా ఉంటే చూడండి."

"ఫారం ఇచ్చేశానండి. వాళ్ళు టికెట్లు కూడా పంపేశారు."

"ముందు నన్నొక మాట అడగాల్సింది కదా."

"అడిగితే మీరేమంటారో నాకు తెలుసండి." అక్కడితో ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. "మాస్టారూ, ఆ రోజు మా ఇంట్లో పంపరని చెప్పానే, అది అబద్ధమండి. మీకోసమే అన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదీ నిజం కాదు. ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయమేసింది. నా భయంతో మీ ఆఖరి అవకాశం పోగొట్టాను."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుస్తూ కూర్చున్నారు.

"నాదీ అబద్ధమేనమ్మా. నేను పర్మిషన్ అడగనే లేదు. ఆ వయసులో, అంతమంది కుర్రాళ్ళ మధ్య నిలబడి ఇంగ్లీషులో నేనేం మాట్లాడతానని. మన గదిలో మీ అయిదుగురి ముందే మాట్లాడలేకపోయానుగా. గంట నా చేతిలో ఉంటే నన్నెవరూ నిలబెట్టరని పట్టుకు తిరిగాను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన కాగితం మళ్ళీ తీసుకుని తేదీ దగ్గర వేలు పెట్టి చూశారు.

"ఇప్పుడు భయం లేదాండీ?" అన్నాను.

"ఎందుకు లేదు, ఉంది. ఈ శనివారం మీ కాలేజీలో గది ఏదైనా ఖాళీ ఉంటుందా? గంట నేను తెస్తాను, మీరు కొట్టండి."