వెధవ అన్న మాట

ఈ సాయంత్రం, గల్ఫ్‌లో మేముండే మదీనత్ ఖలీఫాలో రఫీ భాయ్ తన విల్లా గ్యారేజీలో కవిత్వ సభ పెట్టాడు. గ్యారేజీ నేల మీదే ఉన్నా సభ పేరు మాత్రం ‘అండర్‌గ్రౌండ్’. గోడల నిండా స్ప్రే బొమ్మలు, వచ్చినవారికి సమోసాలు.

నేను మా ఆవిడ రాసిన కవిత పట్టుకెళ్ళాను. కాలేజీ రోజుల నుంచీ ఆమెకు అమెరికా బీట్ కవుల పిచ్చి. వాళ్ళలాగే ఊపిరాడనంత పొడుగు పాదాలు రాసేది, మర్యాద పాటించేది కాదు. ఈ కవిత మొదలే, “లైటార్పకురా వెధవా, నా వాక్యం ఇంకా అవ్వలేదు.”

ముందుగా చూపిస్తే రఫీ భాయ్ నన్ను పక్కకు పిలిచాడు.

“అన్నా, గా ఒక్క మాట తీసేయండ్రి.”

“తిట్లు లేకుండా అండర్‌గ్రౌండేంటి భాయ్?”

“తిట్టని కాదన్నా. భాభీ పోయినంక మీకు ఆ మాట మంచిగుండది.”

విధవ నుంచే వెధవ పుట్టిందని అప్పుడు గుర్తొచ్చింది.

“అప్పుడు తిట్టింది, ఇప్పుడు నిజమైంది. ఉండనీ భాయ్,” అన్నాను.

చదివాను. అందరూ నవ్వారు, రఫీ భాయ్ తప్ప.

ఆమె పోయాక నన్నందరూ ‘గారు’ అనే పిలుస్తున్నారు. మీ ఇంట్లో మిమ్మల్ని ఏమని తిడతారో కింద రాయండి. ఇంట్లో కూడా ‘గారు’ అనిపించుకునేవాళ్ళకు నా సానుభూతి.