ఎడమ మెలిక

మా పెద్ద తోడికోడలు చనిపోయింది. పొద్దున్నే పెరట్లో నూలు పిసికి, పిండి, మెలితిప్పిన ఆ నూలు కట్టలు, చిలపలన్నీ గోలెం పక్కన వరసగా పేర్చి లోపలికి వచ్చి, "చెల్లె, గిన్ని నీళ్లియ్యి" అన్నది. నేను చెంబుతో వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంది. చేతులకు నూనె ఇంకా ఆరలేదు. రామన్నపేట దవాఖానకు బండి కట్టాలా వద్దా అని మగవాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. బండితో ఇక పని లేదని నాకు అప్పటికే తెలిసిపోయింది.

మా ఇంట్లో నేసేవి తేలియా రుమాళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఎరగని చదరపు గుడ్డలు. ఎక్కడో సముద్రం అవతల ఎండ దేశాల్లో మగవాళ్లు తలకు చుట్టుకుంటారట. ఆ దేశాలను మేము చూడలేదు, మమ్మల్ని వాళ్లూ చూడలేదు. ఆముదపు కాయల తొక్కలు కాల్చి, ఆ బూడిద నీళ్లలో నూనె కలిపి గోలెంలో పోసి, అందులో నూలును రోజూ పిసికి, పిండి, ఎండబెట్టాలి. రోజుల తరబడి అదే పని. నూనె తాగిన నూలుకే ఎరుపు పట్టి నిలుస్తుంది. ఆ తర్వాతే రంగు అంటకూడని చోట దారంతో ముడులు కట్టడం, అద్దకం, మగ్గం. నడుమ పిసకడం ఆపితే నూనె మురిగిపోతుంది, నూలు పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేను అత్తకు భయపడలేదు, ఆ వాసనకు భయపడ్డాను. అన్నంలో అదే, పక్కలో అదే, తలలో పెట్టుకున్న పూలలోనూ అదే. ముక్కు మూసుకుని తిరుగుతుంటే, అక్కా అని నేను పిలిచే ఈ తోడికోడలే నవ్వింది. "జర ఓపిక పట్టు. కొన్నొద్దులకు ముక్కే సచ్చిపోతది" అన్నది. ఆమె అన్నట్టే అయింది.

ఆమెది ఎడమచేతి వాటం. చిలపను పిండేటప్పుడు మేమంతా ఒకవైపు మెలితిప్పితే ఆమె రెండోవైపు తిప్పేది. పక్కనుండి వాటిని విప్పి దులిపి ఆరేసే పని నాది. ఆమె చిలప దగ్గరికి వచ్చేసరికి నా చేతులు తడబడేవి, విసుగొచ్చేది. "దేవుడు నీ చేతులు ఉల్టా పెట్టిండక్కా" అని సణిగేదాన్ని. "దేవుణ్ని ఎందుకంటవు, మా అవ్వ కడుపుల నేనే అటు మొకాన పండుకున్నట్టున్న" అనేది. ఆ సణుగుడూ ఆ జవాబూ మాకు రోజూ ఉండేవే.

నయాపైసలు వచ్చిన కొత్తలో, వానలు ఎగ్గొట్టిన ఏడు, ఆమె భర్త పోయాడు. జ్వరమని పడుకున్న మనిషి లేవలేదు. అప్పటికి గోలెంలో నూలు సగం నూనె తాగి ఉంది. ఆ నూలు రుమాళ్లయితేనే ఆ ఏడు ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. జొన్నల కాగు అడుగు కనబడుతున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు. మైల తీరేదాకా నూలు ముట్టుకోవడం మాలో లేదు. ముట్టుకుంటే ఎరుపు ఎక్కదని అంటారు.

కాటి నుంచి మగవాళ్లు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ఆమె లేచి పెరట్లోకి పోయింది. గోలెం ముందు కూర్చుని మోచేతుల దాకా చేతులు ముంచింది. చూస్తూ నిలబడలేక నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎవరు చెప్పారో, కులపెద్ద వచ్చాడు.

"మైల చేతులు గోలెంల పెడ్తవా? దినాలయ్యేదాంక ఆగలేవా?" అన్నాడు.

అక్క చేతులు తీయలేదు. "నేను ఆగుత మామా, నూనె ఆగదు. ఆయనను కాలవెట్టి వచ్చిన్రు. ఆయన పిసికిన నూలును గూడ పెంట మీద పారబొయ్యమంటవా?"

"ఎరుపు ఎట్ల ఎక్కుతదో నేనూ చూస్త" అని ఆయన వెళ్లిపోయాడు.

ఎరుపు ఎక్కింది. మునుపటి ఏడు ఎట్లా ఎక్కిందో అట్లాగే ఎక్కింది. భర్త పోయిన రోజు కూడా గట్టిగా ఏడవని మనిషి, తడి నూలును దండెం మీద వేసి దాని కింద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడు మేమంతా తిన్నాం. కానీ ఎరుపు ఎక్కిందన్న సంగతే ఊరు క్షమించలేకపోయింది. మొగుడు పోతే రంగు చూసుకున్నది అన్నారు. బావి దగ్గర మేము వెళ్తే బిందెలు పక్కకు జరిగేవి. పెళ్లిళ్లకు మా ఇంటిని దాటిపోయి పక్కింట్లో బొట్టు పెట్టి పిలిచేవాళ్లు.

"ముండమోపినదాన్ని, నన్ను ఎట్లైనా పిలువరు. నావల్ల నువ్వు గూడ ఇంట్ల కూసోవలసొచ్చె. గదొక్కటే బాధ" అనేది. ఆ మాట వింటే నాకు వాళ్ల మీద వచ్చే కోపం ఇంతా అంతా కాదు, ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత రుమాళ్లు అడిగేవాళ్లు తగ్గారు. మగ్గాలు గుంటల్లోనే ఆగిపోయాయి, చాలా ఇళ్లు సాగర్ కట్ట పనికి కదిలిపోయాయి. ఆమె మాత్రం ఏడాదికి కొద్దిగానైనా నూలు నానబెట్టేది. ఈసారి నానబెట్టిన నూలు ఆమె లేకుండా మిగిలింది.

ఆమెను సాగనంపిన మర్నాడు ఆమె కోడలు గోలెం పక్కన నిలబడి, "చిన్నత్తా, మైల గదా, ఎట్ల చేద్దాం?" అని అడిగింది. "మీ అత్త ఎట్ల చేసిందో గట్లనే" అన్నాను.

పలకరింపుకు వచ్చిన అదే కులపెద్ద అరుగు మీద ఉన్నాడు. ఇప్పుడు చూపు ఆనదు, నూనె వాసన తెలిసినట్టుంది. "ఎండ మంచిగుంది, తొందరగ ఆరెయ్యున్రి" అన్నాడు. ఆ మాటలో సగం ఆనాడు అని ఉంటే ఆమె కొన్ని పెళ్లిళ్లు దూరం నుంచైనా చూసేది.

ఆమె పేర్చిన చిలపలు అట్లాగే ఉన్నాయి, అన్నీ ఎడమ మెలికలే. నేనే విప్పాను. ఒక్కదాని దగ్గరా నా చేతులు తడబడలేదు. విప్పి దండెం మీద వేస్తే, రాత్రంతా మెలిపడి ఉన్న నూలు ఆమె తిప్పిన వైపే వంకీలు తిరిగి వేలాడింది. ఎండ ఎక్కేకొద్దీ ఆ వంకీలు ఒక్కొక్కటే సాగి నిటారు కాసాగాయి. కోడలు అన్నానికి పిలిచింది. చివరి చిలప సాగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.