పాత మిషన్లోని మాటలు

తిరుపతిలో నేను పనిచేసిన డీటీపీ సెంటరు ఒక మేడ మెట్ల కింద ఉండేది. పెళ్ళిపత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, ఇల్లు అద్దెకు కలదు బోర్డులు మా పని. తొంభైల చివరిదాకా మాకున్నది ఒకటే మిషను. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. తెలుగు రావడానికి లోపల ఒక కార్డు బిగించి ఉండేది. దాని మీద నా చేతివేగానికి ఆ వీధిలో మంచి పేరుండేది. ఆ పేరును అందరికంటే నేనే ఎక్కువ నమ్మాను.

ఆ రోజుల్లో నగరి దగ్గర, అరవనాడు సరిహద్దులోని ఒక నేతవాళ్ళ పల్లె నుంచి రిటైరైన టీచరమ్మ ఒకరు వచ్చేవారు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ నోట విన్న మాటలను ఏళ్ళ తరబడి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ప్రతి మాట పక్కనా దాన్ని ఎవరన్నారో, ఎప్పుడన్నారో ఒక వాక్యం. వాటిలో ఎక్కువ వాళ్ళమ్మవి. ఆవిడ పోయి చాలాకాలమైంది, ఒక్క ఫోటో కూడా లేదు. "మాయమ్మ గొంతు ఇందులోనే ఉండాదప్పా" అంటూ మొదటి పుస్తకం నా చేతికిచ్చారు. అంతా అచ్చు వేయించాలని ఆమె కోరిక.

రెండేళ్ళలో పదకొండు పుస్తకాలు కొట్టాను. ఆమె కళ్ళకు శుక్లాలు, మా ప్రింటరు అచ్చేమో పాలిపోయి ఉండేది. ఆపరేషన్ అయ్యాక అంతా ఒకేసారి చూసుకుంటానన్నారు. ఈలోగా చెల్లెలి ఇంటికి మారుతూ, నోటుపుస్తకాలు ఏం చేయమంటావని ఫోన్ చేసి అడిగారు.

"ఇంకెందుకమ్మా అవి? కంప్యూటర్లో ఉండాయి గదా, యాడికీ పోవు" అన్నాను.

ఆమె వాటిని శెనక్కాయల అంగడికి ఇచ్చేశారు, పొట్లాలు కట్టుకోవడానికి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా యజమాని విండోస్ మిషను తెచ్చాడు. రంగుల తెర, మౌసు, కావలసినన్ని ఫాంట్లు. పాతదాన్ని విడిభాగాల కింద అమ్మేశాననీ, నెలాఖరుకు మెకానిక్ వచ్చి పట్టుకుపోతాడనీ చెప్పాడు. ఆలోగా టీచరమ్మ ఫైళ్ళు కొత్తదానిలోకి రావాలి. రాకపోతే అవి ఇంకెక్కడా లేవు. కాగితం మీద తీసి పెట్టుకుందామంటే పాత ప్రింటరు అప్పటికే మూలపడింది.

పాత మిషనుది పెద్ద ఫ్లాపీ, కొత్తదానిది చిన్నది. రెండూ పట్టే మిషను చిత్తూరులో ఒక కంప్యూటర్ స్కూల్లో ఉందని తెలిసి, ఫ్లాపీలను పేపర్లో చుట్టుకుని బస్సెక్కాను. ఇంజను పక్కన సీటు ఖాళీగా ఉన్నా, వేడికి చెడిపోతాయని పూతలపట్టులో వెనక సీటు దొరికేదాకా నిలబడే పోయాను. అక్కడివాళ్ళు మంచివాళ్ళు, అరగంటలో చిన్న ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇచ్చారు.

తిరిగొచ్చి కొత్త మిషనులో తెరిచాను. తెర నిండా ఖాళీ డబ్బాలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. ఫైలు పేరుంది, సైజుంది, చదవడానికి మాత్రం ఒక్క ముక్క లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. పాత మిషను ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు పెట్టుకుంది. కొత్త ఫాంటు అవే నంబర్లకు వేరే బొమ్మలు పెట్టుకుంది. సంగతి ఇంతే అయినా ఆ పూట నాకు అన్నం దిగలేదు. పొట్లాలు కట్టించింది నేనే.

మర్నాటి నుంచి ఒకటో తరగతి పిల్లాడిలా పాత మిషనులో గుణింతాలు కొట్టాను. క నుంచి క్ష దాకా, ఆపైన వత్తులు. వాటిని కొత్తదానిలో తెరిచి ఏ నంబరు ఏ అక్షరమో ఒక పుస్తకంలో పట్టీ రాసుకున్నాను. సాయంత్రం కంప్యూటర్ క్లాసుల్లో నేర్చుకున్న కాస్త బేసిక్‌తో పాత నంబర్లను కొత్తవాటిలోకి మార్చే ఒక ప్రోగ్రాం రాశాను. వత్తులు చాలా ఏడిపించాయి. నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా మొదటి పేజీ తెలుగులో వచ్చింది. పాత తెర, కొత్త తెర పక్కపక్కన పెట్టి పేజీ పేజీ సరిచూశాను. ఒక్క సున్నా కూడా తప్పిపోలేదు. మెకానిక్ వచ్చిన రోజు పాత మిషనును ఆటోలోకి ఎత్తడానికి నేనే ఒక చెయ్యి వేశాను.

టీచరమ్మ కొత్త కళ్ళద్దాలతో వచ్చారు. కాగితాలు చేతిలో పెట్టి, పొగడ్త కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. నాలుగో పేజీలో ఆమె వేలు ఆగింది.

"ఇది ఎవురు చెప్పిన మాటప్పా? 'చేంతాడు తెగిపోయింది, చెరువుకు పోదాం పా.' మాయమ్మ ఆ పొద్దు ఇట్ల అనలేదే. సేంతాడు అనింది, సెరువు అనింది. అట్లనే రాసినాను."

నా ప్రోగ్రామే తప్పు చేసిందనుకుని పట్టీ తీసి చూశాను. చ సరిగ్గా ఉంది, స సరిగ్గా ఉంది. సంగటి సంగటిగానే వచ్చింది. మిషను ఏమీ మార్చలేదు.

మార్చింది నేను. రెండేళ్ళ కిందట, కొట్టేటప్పుడే. మాదీ చిత్తూరు పక్క పల్లెటూరే. బళ్ళో "సెట్టు" అన్నందుకు తెలుగయ్యవారు వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టేవారు. ఆ దెబ్బలు తిన్న వేళ్ళు, కాగితం మీద చ ఉండాల్సిన చోట స కనబడగానే నన్నడగకుండానే చ నొక్కాయి. తప్పు దిద్దుతున్నాననే అనుకుని ఉంటాను. కోస్తా నుంచి వచ్చినవాడెవడైనా అయితే, వీళ్ళ భాష ఇంతేలే అని ఉన్నదున్నట్టు కొట్టేవాడు. అరవం కలిసిన మాటలు, మగ్గం మాటలు నాకు అర్థం కాలేదు కాబట్టి ముట్టుకోలేదు. నాకు తెలియని మాటలే బతికిపోయాయి.

మార్చింది నేనేనని ఆమెతో చెప్పాను. అంతటితో ఊరుకోలేదు. "అమ్మగారి మాటలన్నిట్లో చ తీసేసి స పెట్టేస్తానమ్మా. ఒక్క నిమిషం పని" అన్నాను.

"మాయమ్మ ఎప్పుడూ ఒకటే మాదిరి అనేదా?" అన్నారు ఆమె. "ఇంట్లో స అనేది. నేను పనిచేసే బడి కాడికి వస్తే, నాకు తలవంపులని చ అనేదానికి సూసేది. ఒకతూరి నోరు తిరిగేది, ఒకతూరి తిరిగేది కాదు. ఏ పొద్దు ఏదనిందో, అదేనప్పా నేను రాసిపెట్టుకునింది. ఇదొకటి గుర్తుండాది గానీ, మిగతావన్నీ ఇప్పుడు నాకు మాత్రం ఏం గుర్తుంటాయి?"

తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. కాగితాలన్నీ సర్ది మొదటి పేజీ పైకి తీశారు. అక్కడ పెద్ద అక్షరాల్లో ఆమె పేరుంది.

"దీని కింద నీ పేరు గూడా ఎయ్యి. ఇద్దరం రాసినాము."

వెక్కిరింపేమోనని ఆమె ముఖంలోకి చూశాను. కాదు. ఉన్నమాటే అన్నారు.